రిలక్టెంట్ అంటే

ఎనభైల మొదట్లో డాలస్ దగ్గర ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. నా పక్క బల్ల దగ్గర ఒక కొరియా ఆవిడ ఉండేది. నాకంటే పదేళ్లు పెద్ద. ఏ రక్తం స్లైడయినా మాకు అంతుపట్టకపోతే ఆవిడ దగ్గరికే పరిగెత్తేవాళ్లం. ఇంగ్లీషులో కొత్త మాట తగిలితే చిన్న పుస్తకంలో రాసుకుని, భోజనాల వేళ నా ముందు పెట్టేది. అర్థం చెబితే చాలదు, ఎక్కడి నుంచి వచ్చిందో, ఎలా వాడాలో కూడా చెప్పాలి. ఆ పంతులమ్మ వేషం నాకు బాగానే నచ్చేది.

ఆ గురువారం చూపించిన మాట రిలక్టెంట్. ఆవిడ గురించి సూపర్‌వైజర్ ఏడాది రిపోర్టులో రాసిన మాట అది.

ఎందుకు రాశాడో నాకు తెలుసు. కిందటి వారం ఆయన ఆవిణ్ణి ల్యాబ్ లీడ్‌గా ఉండమని అడిగాడు. మూడేళ్లుగా ఆవిడ ఎదురుచూస్తున్న ఉద్యోగం. నేనక్కడే ఉన్నాను. అంతదాన్ని కానంది. మళ్లీ అడిగితే ఇంకెవరికైనా ఇవ్వమంది. మూడోసారి అడుగుతాడని తల వంచుకుని నిలబడింది. ఆయన సరేనని వెళ్లిపోయాడు. అది వద్దనడం కాదని నాకు తెలియదా? మారు వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టి, బతిమాలాక తినే ఇంట్లోనే నేనూ పెరిగాను. అయినా నోరు మెదపలేదు. మర్నాడు ఆయన నన్నడిగితే ఒప్పుకున్నాను. వచ్చే శుక్రవారం అందరికీ చెబుతానన్నాడు. అంటే రేపే.

"మంచి మాటేనా?" అంది ఆవిడ, పెన్సిల్ పట్టుకుని.

నిదానస్తురాలని అర్థం చెబితే సరిపోయేది. రాసుకుని సంతోషించేది. ఆ అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది కూడా. నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఇష్టం లేకుండా వెనకాడేవాళ్లని అంటారు" అన్నాను. లాటిన్‌లో ఎదురు తిరిగి పెనుగులాడటమనే మాట నుంచి వచ్చిందన్నాను. ఎలా వాడాలో చెప్పడానికి వేరే ఉదాహరణ తోచలేదు. "ఆమె లీడ్‌గా ఉండటానికి రిలక్టెంట్, అలా వాడతారు."

కొరియన్ అక్షరాల్లో సగం రాసి ఆపేసింది. "ఇష్టం లేదని నేనెప్పుడన్నాను? నాకు కావాలి" అంది. లేచి తిన్నగా ఆయన గదిలోకి వెళ్లింది. అద్దాల తలుపు వెనక ఆవిడ మాట్లాడటం, ఆయన తల అడ్డంగా ఊపడం కనిపిస్తూనే ఉన్నాయి. నా ముందు అన్నం డబ్బా అలాగే ఉంది.

తిరిగొచ్చి నా ఎదురుగా కూర్చుంది. కోప్పడినా బాగుండేది.

"నువ్వు ఒప్పుకున్నావట. ఎన్నిసార్లు అడిగాడు నిన్ను?"

"ఒక్కసారే" అన్నాను.