తడి తెలిసిన వేలు

ఆ ఆదివారం పొద్దున ఏడుంపావుకు, పక్క గల్లీలో బీడీలు చుట్టే అవ్వ నా గాజుసీసాలో చూపుడువేలు పెట్టి మట్టి నొక్కింది. ఎవరి సీసా కనిపించినా ఆమె అలాగే చేసేది. నిజామాబాద్‌లో మా గల్లీలోని హిందువులం, ముస్లింలం కలిసి పొడవాటి గోడకు బొమ్మలు వేసి, దాని కిందే కూర్చుని సీసాల్లో చిన్న తోటలు నాటుతున్న రోజులవి. నేర్పేది నేను.

"నీళ్లెక్కువైనయ్ బిడ్డా. మూతపెడితే బూజు వడ్తది."

"ఇది తునికాకు గాదవ్వా," అన్నాను.

అందరూ నవ్వారు. అవ్వ కూడా నవ్వి, వేలు కొంగుకు తుడుచుకుంది. మరుసటి ఆదివారం నుంచి రాలేదు.

బీడీ చుట్టే తునికాకును చినగకుండా, బూజు పట్టకుండా తడపడంలోనే ఆమె వయసంతా గడిచింది. ఆ సంగతి నాకు తెలుసు. పది రోజులకు మా సీసాలన్నీ తెల్లగా బూజెక్కాయి. పారేసినవాళ్లు మళ్లీ రాలేదు. నువ్వన్నదే నిజమని అవ్వకు చెప్పడానికి పక్క గల్లీ దాకా పోవాలంటే నాకు సిగ్గేసింది.

చివరికి నేను పోయేసరికి అవ్వ చనిపోయి నెలయింది. కోడలు కిటికీలో మూతపెట్టి ఉన్న సీసా చూపించింది, అవ్వ నాటుకున్నది. పచ్చగా ఉంది.

"ఎవల్నీ మూత తియ్యనియ్యకపోతుండె," అంది.

ఆ గోడ కింద ఇప్పుడు ఎవరమూ కూర్చోవడం లేదు.