దురాయి ఎత్తించిన వార్త

అల్లూరు మండలానికి నేను విలేకరిని. విలేకరి అంటే ఊరూరా తిరిగేవాడని మా ఇంట్లో నమ్మకం. నేను ఎక్కువగా ఫోన్లోనే తిరిగేవాణ్ణి.

ఆ బద్ధకంతోనే ఓసారి, సముద్రం ఒడ్డున ఒక పాలెంలో తట్టు టీకా వేయించుకున్న పసిపాప స్పృహ తప్పిందని రాశాను. వాట్సాప్‌లో వీడియో వచ్చింది. ఇద్దరికి ఫోన్ చేశాను. ఇద్దరూ ఆ వీడియో చూసినవాళ్లే. ‘టీకా వికటించి చిన్నారికి అస్వస్థత’ అనే శీర్షిక మా వృత్తిలో ఎప్పుడూ సిద్ధంగా ఉండేదే. అలా టీకాకు తాత్పర్యం నేనే చెప్పేశాను.

పేపరు వచ్చిన రోజే పాలెంలో దురాయి పడింది. అది కులపెద్దలు వేసే కట్టడి. మీరితే ఊరు మాట్లాడదు. సంగతి తేలేదాకా ఏ బిడ్డకూ సూది వేయించకూడదన్నారు. బుధవారం టీకాలు వేసే ఏఎన్ఎం తన ఐస్ డబ్బా పక్కన సాయంత్రందాకా కూర్చుని వెళ్లిపోయింది. పక్క పాలెంలో అప్పటికే ఇద్దరు పిల్లలకు తట్టు సోకింది.

నెల్లూరు ఆఫీసులో మా సీనియర్ ఒకావిడ, అందరికీ అక్క. నన్ను తిట్టలేదు. అల్లూరులో బస్సు దిగి, “పద, నీ వార్త ఎట్టుండాదో చూసొద్దాం” అన్నది.

పెద్దల దగ్గరికి పోకుండా ముందు, వార్తలోని పాప ఈమె బిడ్డేనని ఊరంతా అనుకుంటున్న తల్లి పక్కన కూర్చుంది. సూది ఎప్పుడు వేశారు, ఒళ్లు ఎప్పుడు కాలింది, ఎప్పుడు చల్లబడింది అని ఓపిగ్గా అడిగింది. టీకా వేసిన వారానికి జ్వరం వచ్చిందట, రెండోనాటికి తగ్గిందట. అప్పుడు అక్క వీడియో చూపించింది. అంతవరకు ఆ తల్లికి దాన్ని ఎవరూ చూపించలేదు.

“ఈ బిడ్డ ఎవురో నాకు తెలీదక్కా. నా బిడ్డను నేనెరగనా?”

వికటించింది నా రాతేనని అప్పుడు తెలిసింది.

కులపెద్దలకు పెద్దయిన పెద్దకాపు మాత్రం సులభంగా కదల్లేదు. “పేపర్లో పడిన మాట పేపర్లోనే తుడవాల. నోటి మాట మాకు లెక్కల్యా” అన్నాడు.

మా పేపర్లో సవరణలు లోపలి పేజీ అడుగున, భూతద్దం ఉన్నవాళ్ల కోసం వేస్తారు. అక్క పేజీలు దిద్దే డెస్కుతో పోట్లాడి నా వార్త పడిన చోటే, అంతే వెడల్పున వేయించింది. పైన ‘తగ్గిన జ్వరం, ఆడుకుంటున్న పాప’ అని శీర్షిక. తర్వాత డాక్టర్లు చెప్పింది: ఇలాంటి జ్వరం మామూలే, తీవ్రమైన ఇబ్బంది చాలా అరుదు, అందుకే సూది తర్వాత అరగంట అక్కడే ఉండమంటారు. వీడియో ఊసు నాలుగో పేరాలో గాని రాలేదు. చివర మా విలేకరి వెళ్లి చూడకుండా రాశాడని ఒప్పుకోలు. పేరు వేయలేదు, అల్లూరులో ఉన్నది నేనొక్కణ్ణే కనుక అవసరమూ పడలేదు.

దాన్ని పెద్దల ముందు నాచేతే చదివించింది. 

“ఈసారి పోయి చూసినారా?” అన్నాడు పెద్దకాపు.

“చూసినాను.”

ఆయన పాప తల్లి వైపు చూశాడు. ఆమె తలూపింది. దురాయి ఎత్తేశారు.

అయినా రెండిళ్లవాళ్లు బుధవారం పొద్దున టీకాకు రాలేదు. అక్క ఆ గడపల్లో కూర్చుని, వాళ్లు తమ భయమంతా చెప్పుకునేదాకా వింది. నేను పెన్ను జేబులోంచి తీయలేదు. మధ్యాహ్నానికి వాళ్లూ బిడ్డల్ని ఎత్తుకుని బయల్దేరారు. మేం వెళ్లేసరికి మందు చాలక ఏఎన్ఎం ఆసుపత్రికి ఫోన్ చేస్తోంది.