చోప్ చేసిన సీటు

బుకిట్ బటోక్‌లో బస్సెక్కి, ఒక పెద్దాయన పక్క సీట్లో కూర్చోబోయాను. ఆయన చప్పున చెయ్యి అడ్డం పెట్టారు. సీటు మీద టిష్యూ ప్యాకెట్ ఉంది. తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో అలా ప్యాకెట్ పెట్టి సీటు ఆపుకోవడం ఇక్కడ మామూలే, దాన్నే చోప్ చేయడం అంటారు. బస్సులో పెట్టిన మనిషిని మాత్రం అప్పుడే చూశాను.

అంతకుముందు నేను ఫోన్లో మాట్లాడిన తెలుగు విన్నట్టున్నారు. “చోప్ చేశాను బాబూ. మా పాపకి స్కూల్ వదిలారు, నెక్స్ట్ స్టాప్‌లో ఎక్కుతుంది,” అన్నారు.

ఆయన భార్య పక్కనే నిలబడి ఉంది.

తర్వాతి స్టాప్‌లో పాప ఎక్కలేదు. ఆయనేమీ కంగారుపడలేదు. “చోప్ చేశాను బాబూ,” అంటూ మళ్లీ మొదటిసారిలాగే అంతా చెప్పారు.

“ఏమనుకోకు బాబూ,” అందావిడ మెల్లగా. “ఏళ్ల తరబడి తాగారు. మందు మెదడుని తినేసిందన్నారు డాక్టర్ గారు. గుర్తులేని చోట ఏది తోస్తే అది చెప్తారు. అబద్ధం కాదది, ఆయనకి నిజమే.”

“మరి పాప, ఆంటీ?”

“దానికి ముప్పై దాటాయి. ఈ ఊళ్లోనే, టోవా పాయోలో ఉంటుంది, మా గడప తొక్కదు. తాగొచ్చి చేసినవన్నీ ఈయన మర్చిపోయారు. దానికి అన్నీ గుర్తే.”

చోవా చూ కాంగ్‌లో ఇద్దరూ దిగారు. ఆయన ప్యాకెట్ మర్చిపోయారు. ఆవిడ తీయబోయి, ఎందుకో చెయ్యి వెనక్కి లాక్కుంది.

జనం ఎక్కారు, బస్సు నిండిపోయింది. ప్యాకెట్ చూసి ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదు. నేనూ దిగేదాకా నిలబడే ఉన్నాను.