గడ్డి తీయొద్దు

ఎస్తేరు రోజూ పొద్దున్నే పుత్తూరులో బస్సెక్కి తిరుపతికి వచ్చేది. పాలకేంద్రాల్లో క్యాన్లు తూచే ఎలక్ట్రానిక్ కాటాలు చేసే చిన్న కంపెనీలో ఆమెకు పని. కాటా లోపలి చిప్పుకు ప్రోగ్రాము రాసేది ఆమే. ఐటీఐలో నేర్చుకున్నది వైరింగు. ప్రోగ్రాము రాయడం మాత్రం పాత పుస్తకాలు ముందేసుకుని సొంతంగా పట్టింది. ఇదంతా రెండువేల మూడు నాటి మాట.

ఆ మధ్యాహ్నం కాటాలు కొనబోయే డెయిరీ నుంచి ఇంజనీరు తనిఖీకి వస్తున్నాడు. ప్రోగ్రామును చిప్పు భాషలోకి మార్చే కంపైలరు ఒక్క హెచ్చరిక కూడా చూపకూడదని అతని షరతు. అదేమో తొమ్మిది చోట్ల ఒకటే పాట పాడింది: అంకెను దాచిపెట్టారు, వాడలేదు.

"ఏడు నా చెత్తే, తీసేసినాను" అంది ఎస్తేరు, యజమాని హరినాథ్‌తో. "ఎనిమిదోది నా తప్పు సార్. ఖాళీ క్యాను బరువు తీసి పెట్టుకోని, పాలల్లోంచి తగ్గించేది మరిచినా. కంపైలరు చెప్పబట్టి దొరికింది."

"తొమ్మిదోది?"

"అది ఉండాల్సిందే. వాడనని తెలిసే పెట్టినానని ముందర ఒక మాట చేర్చినా. ఇప్పుడు హెచ్చరిక రాదు."

"కంపైలరు నోరు మూసినావు సరే. ఇంజనీరు నోరు ఎట్ల మూస్తావు? పనికిరాని లైను యాల పెట్టినారంటే నా మొగం యాడ పెట్టుకునేది? తీసెయ్ తల్లీ."

"తీయను సార్."

"ఆర్డరు పోతే నీ పనీ పోతాది, సూసుకో."

"పోనీండి. మా నాయన ఇరవై ఏండ్లు సైకిల్ మీద పాలు మోసినాడు. క్యాను మూతికి గడ్డి కుక్కేవాడు. ఆ గడ్డి ఎవురన్నా తాగినారా? అది లేకుంటే గతుకుల్లో సగం పాలు రోడ్డు పాలే. ఈ లైనూ అంతే. కాటా మీదనుంచి క్యాను దించినాక పాత అంకెను ఒకసారి చదివి పారేయాల. చదవకుంటే చిప్పు కొత్త బరువు ఇయ్యదు."

హరినాథ్ నుదురు తుడుచుకుంటూ లేచి వెళ్లాడు.

ఇంజనీరు వచ్చాడు. హెచ్చరికలు సున్నా. కానీ ప్రోగ్రాము చదువుతూ చదువుతూ సరిగ్గా ఆ లైను దగ్గరే ఆగాడు. పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: గడ్డి. తీయొద్దు. ఎస్తేరు.

"ఏమిటిది? ఈ అంకె ఎక్కడా వాడలేదే!"

హరినాథ్ నోరు తెరిచేలోపే ఎస్తేరు కీబోర్డును ఇంజనీరు వైపు జరిపింది. "మీ చేత్తో మీరే తీసి సూడండి సార్."

అతను తీశాడు. ప్రోగ్రాము చిప్పులోకి ఎక్కించారు. బిగింపు పని చేసే ఏకాంబరం నీళ్లు నింపిన క్యాను కాటా మీద పెట్టాడు. నలభై కిలోలు. దాన్ని దించి సగం నిండిన క్యాను పెట్టాడు. అదీ నలభయ్యే.

"సగానికీ నలభయ్యే! మన కాటాకు శానా దయ అబ్బా" అని ఏకాంబరం పకపకా నవ్వాడు. "అదే ముందోడిది పావు క్యాను అయితే, ఎనక నిండు క్యాను తెచ్చినోడి గతి ఏమప్పా?"

ఇంజనీరు ఆ లైను మళ్లీ టైపు చేశాడు. ఈసారి కాటా నిండు క్యానుకు నలభై, ఆ తర్వాత సగం క్యానుకు ఇరవై చూపింది. హరినాథ్‌కు ప్రాణం లేచొచ్చింది. ఇంజనీరు సంతకానికి పెన్ను తీశాడు.

"ఆగండి సార్" అంది ఎస్తేరు. "లైను పెట్టినారు, పక్కన రాసింది పెట్టలేదు. గడ్డి, తీయొద్దు, నా పేరు. మూడూ ఉండాల."

అతను పెన్ను పక్కన పెట్టి, ఒక్కో అక్షరం ఆమెనే అడిగి టైపు చేశాడు.