కర్ర కింద నా చోటు

పద్దెనిమిదేళ్లు తిరుపతిలో మా వీధి గుడి ఉత్సవాలకు వాహనం మోశాను. ఎడమ వైపు ముందు కర్ర నాది. వీపున రెక్క ఎముక బయటికి పొడుచుకొచ్చినప్పుడు అందరం అది మోతకు కాసిన కాయే అనుకున్నాం. ముసలివాళ్లు దాన్ని తాకి కళ్లకద్దుకునేవాళ్లు. "స్వామి ఆడ కూర్చున్నాడప్పా!" అనేవాళ్లు. నేనూ ఉబ్బిపోయి చొక్కా తొడుక్కోవడమే మానేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! తల దువ్వుకోవడానికి చెయ్యి లేవనప్పుడు గానీ ఆసుపత్రి గుర్తు రాలేదు.

డాక్టరు నన్ను గోడకు ఎదురుగా నిలబెట్టి, రెండు చేతులతో తొయ్యమన్నాడు. తోశాను. వెనక ఎముక పైకి లేచేసరికి నా భార్య నోరు నొక్కుకుంది. బరువుకు నరం నలిగి, ఎముకను పట్టి ఉంచే కండ చచ్చుబడిందట. ఆపరేషను చేసి, ఛాతీ కండ కొసను తెచ్చి ఆ ఎముకకు కుట్టారు.

ఆరు వారాలు చెయ్యి పట్టీలోనే. అనుమానం పెనుభూతమంటారు, అది నా మంచం కిందే కాపురం పెట్టింది. ఛాతీలోది తీసి వీపుకు కుడితే ఛాతీకేం మిగిలింది? ఆ డాక్టరు ఏదో దాస్తున్నాడు. తర్వాత వ్యాయామం నేర్పే అమ్మాయి వచ్చి, "అరచేతిని లోపలికి నొక్కతా చెయ్యెత్తండి సార్, ఛాతీ కండకు కొత్త పని నేర్పాల" అంది. కండకు పాఠాలేమిటి, నాతో ఆటలాడుతోందా అనుకున్నాను.

అసలు అనుమానం నా బావమరిది మీద. నేను ఆసుపత్రి పాలైనప్పటి నుంచి నా చోట వాడే మోస్తున్నాడు. రోజూ సాయంత్రం వచ్చి, "ఎట్లుండాది బావా? చెయ్యి లేస్తా ఉండాదా?" అని ఒకటే ఆరా. రెండుసార్లు అలిపిరి మెట్లు కూడా ఎక్కొచ్చాడు. ఏం మొక్కుకున్నాడో, నా చెయ్యి లేవకూడదనేమో! పైగా వాడు నాకంటే పొట్టి. కర్ర మోసేవాళ్లంతా ఒకే ఎత్తు ఉండాలి. ఎత్తు చాలక భుజం మీద తువ్వాలు నాలుగు మడతలు పెట్టుకుని మోస్తున్నాడట. అంత ఆశ దేనికి? ఆ కడుపుమంటతోనే రోజూ గోడ మీద వేళ్లు పైపైకి పాకించేవాణ్ని.

నాలుగో నెలలో చెయ్యి తల దాటింది. ఏడ్చేశాను. ఆ సాయంత్రం వాడు రాగానే నిలదీశాను.

"రేయ్, నా చోటు కాజేయాలనే కదా నీ ఆరాలన్నీ?"

వాడు బిత్తరపోయాడు. "నాకేల బావా? ఎత్తు సరిపోయేటోడు ఒకడు కాసుకోనుండాడు. వాడు దూరినాడంటే మళ్లా వదలడు. నువ్వొచ్చేదాకా నీ చోటు ఆపిపెట్టినా, అంతే."

వాడు తువ్వాలుతో ముఖం తుడుచుకోబోయి, చెయ్యి సగంలో ఆపి, తలనే కిందికి వంచి తుడుచుకున్నాడు. ఆపరేషనుకు ముందు నేనూ అచ్చం అలాగే తుడుచుకునేవాణ్ని.

"చొక్కా విప్పి ఆ గోడను తొయ్యి."

"ఏం లేదు బావా, కాయ కాసినాది. నిన్న ఒకమ్మ కళ్లకద్దుకునింది కూడా."

తోశాడు. ఎముక లేచింది.

"పద, గుడికి పోయి ఆ పొడుగోణ్నే పెట్టుకోమని చెప్పొద్దాం" అన్నాను.

వాడు గోడ మీది చేతులు తియ్యకుండానే అన్నాడు: "నీ చోటు పోతాది బావా."