కర్రిదాని ముందు బంతిపూల దండ

ప్రతి ఏడూ దసరాకు మా వీధిలో కార్లన్నీ కడిగి, బొట్లు పెట్టి, ముందు బంతిపూల దండలు వేలాడదీస్తారు. పూజ అయ్యాక నిమ్మకాయలు తొక్కించడానికి ఇంజన్లు ఆన్ చేస్తే ఆ వేడికి పూలు కమిలి, సగం పచ్చిగా సగం ఉడికినట్టుగా ఒక వాసన లేస్తుంది. అందరికీ అది పండుగ వాసన. నేను మాత్రం లోపలికి పోయి కిటికీలు మూసేసుకుంటాను. ఇంత వయసొచ్చినా నాకీ అవస్థ తప్పలేదు.

మా నాయన ఓబులేసు ప్రొద్దుటూరులో బాడుగ కారు తోలేవాడు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త రోజులవి. తెల్లదొర ఎవరో వదిలించుకుని పోయిన పాత కారు, గుడ్డ టాపు, నొక్కితే బాతులా అరిచే రబ్బరు హారను, ముందు హ్యాండిలు పెట్టి చెమటలు కారేలా తిప్పితే గానీ లేవని ఇంజను. నల్లగా ఉంటుందని నాయన దానికి కర్రి ఆవుకు పెట్టినట్టు కర్రిది అని పేరు పెట్టుకున్నాడు. ఎర్రగుంట్ల స్టేషన్లో దిగే పత్తి వ్యాపారులనూ, పెళ్ళి బంగారం కొనడానికి వచ్చేవాళ్ళనూ ఎక్కించుకుని వచ్చేవాడు. వాడి ఒంటిమీద పెట్రోలు, బీడీ, ఎర్రమన్ను కలిసిన వాసన వచ్చిందంటే ఆ పూట ఇంట్లో ఏదో ఒక తినుబండారం ఉందన్న మాటే. నాయనను వాడు అంటున్నానని తప్పుగా అనుకోకండి, మా జేజి అంటే మా నాయన తల్లి, కొడుకును అలాగే అనేది, అది నా నోటికీ అంటుకుంది.

నాయనకు జోడీ పులివెందుల ఖాదర్ మామ. ఆయనది బూడిద రంగు కారు, దాని పేరు మైలది. ఇద్దరూ ఒక బీడీని సగం సగం తాగే స్నేహితులే, కార్ల మాట వస్తే మాత్రం పాముకూ ముంగిసకూ పడనట్టే. మా వైపు ఉగాదికి ఎద్దులతో బండలు లాగించి పందేలు పెడతారు కదా, ఎద్దులకేనా పౌరుషం, మా కార్లకు లేదా అని డ్రైవర్లంతా కలిసి దసరా మధ్యాహ్నం పందెం పెట్టుకున్నారు. జమ్మలమడుగు దారిలో, మా ఊరు దాటగానే, వంపు లేకుండా తిన్నగా సాగే రోడ్డు ఒకటుండేది. మోరీ, అదే రోడ్డు కింద నీళ్ళు పోయే కల్వర్టు, దాని దగ్గర రెండేసి కార్లు పక్కపక్కన నిలబెట్టి, చింతమాను దాకా తోలాలి. గెలిచినవాడి తలకు జరీ రుమాలు చుట్టేవాళ్ళు.

అబ్బా, ఆ పందెం రోజు సంబరం ఏమని చెప్పను! తెల్లవారకముందే జేజి అలసంద వడలు కాల్చేది, ఓళిగలు, అవే బొబ్బట్లు, చేసి మోదుగాకుల్లో చుట్టేది, బొరుగులూ చెనిగిత్తనాలూ, అంటే వేరుశనగ పలుకులూ, మూట కట్టేది, మేమంతా ఎద్దులబండి ఎక్కి పోయేవాళ్ళం. దారి పక్క చేలల్లో పత్తి అప్పుడప్పుడే పగులుతూ ఉండేది, మా ఈడు ఆడపిల్లలం సైకిలు టైర్లు దొర్లించుకుంటూ కర్రిది గెలుస్తుందని ఒకరు, మైలది గెలుస్తుందని ఒకరు జుట్లు పట్టుకునేవాళ్ళం. ఇంజన్లు లేచాక కాళ్ళకింద నేల అదిరేది, నీలం పొగ చుట్టూ కమ్ముకునేది, ముసలాళ్ళు కూడా పంచెలు ఎగగట్టి అరిచేవాళ్ళు. నేను కర్రిదాన్ని చూసి ఊళ్ళో కార్లన్నిటికీ ఇదే రాజు అనుకునేదాన్ని. మా అమ్మ మాత్రం కళ్ళు మూసుకుని కూర్చునేది.

జేజికి ఒక పట్టింపు ఉండేది. దొడ్లో బట్టలుతికే బండ పక్కన తనే పెంచిన బంతిపూలతో తనే దండ కట్టాలి, ఆయుధ పూజలో కట్టిన ఆ దండను పొద్దు గుంకేదాకా తీయకూడదు. ఎద్దు మెడలో దండ వేస్తాం, కారుకు మెడ ఎక్కడుంది? అందుకని ముఖం మీద వేసేది. నేను చెప్పబోయే ఏడు ఆ పూలు విరగబూశాయి. చేతి లావున మూడు వరుసల దండ కట్టి, కింద పసుపు గుడ్డ చుట్టి, కర్రిదాని ముందున్న జల్లెడ, అదే గాలి పోయి ఇంజను నీళ్ళు చల్లబడే రేడియేటరు, ఏమాత్రం కనబడకుండా కప్పేసింది. కొడుకు కారుకు దిష్టి తగలకూడదని ఆమె తాపత్రయం.

మోరీ దగ్గర ఖాదర్ మామ అది చూశాడు.

"ఏంది ఓబులేసూ, ముసుగేసి తోల్తాండావు? దండ తీసేయ్ ప్పా, ఇంజనుకు గాలాడదు."

"అమ్మ కట్టింది మామా," అన్నాడు నాయన. "ఆ చింతమాను దాకే గదా, ఏం గాదులే."

జేజి అక్కడే బండిలో కూర్చుని చేతులు జోడించుకుని ఉంది. నాయన ఆమె వైపు ఒకసారి చూసి నవ్వి ఎక్కాడు.

కర్రిదే గెలిచింది. చింతమాను దాటేసరికి దాని ముందు నుంచి తెల్లటి ఆవిరి తన్నుకొస్తోంది. మామూలుగా అయితే తడిగోనె కప్పి, బీడీ తాగుతూ చల్లారేదాకా కూర్చునేవాడు. ఆ రోజు ఇంజను బిగుసుకుపోతుందేమోనని, అది పోతే మా అందరి నోటి దగ్గర కూడు పోతుందని భయపడి, ఉడికిపోయిన దండను పక్కకు నెట్టి, చల్లనీళ్ళు పోద్దామని తువ్వాలు వేసి రేడియేటరు మూత తిప్పాడు. మరిగే నీళ్ళు ఎగిసి ముఖాన కొట్టాయి. మేము పరుగెత్తి వెళ్ళేసరికి నాయన రోడ్డు మీద పొర్లుతున్నాడు, గాలి నిండా ఆ వాసన.

ఖాదర్ మామ నాయనను చిన్నబిడ్డలా ఎత్తి తన కారులో వేసుకున్నాడు. జేజీ నేనూ ఎక్కాం. మైలది అంత వేగంగా పోవడం ఎవరూ ఎన్నడూ చూడలేదని తర్వాత జనం చెప్పుకున్నారు. జమ్మలమడుగు ఆసుపత్రిలో డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. చూపు మాత్రం రాలేదు.

కళ్ళకు కట్లతో పడుకున్న నాయన, జేజి నీళ్ళకని బయటికి పోగానే, చేతులతో తడిమి ఖాదర్ మామ చెయ్యి పట్టుకున్నాడు.

"మామా, దండ మాట అమ్మ కాడ ఎత్తాకు. సచ్చిపోతాది."

ఖాదర్ మామ తల మీద టోపీ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. జేజి తిరిగొచ్చి, "ఎట్లయిందిరా నాయనా?" అని అడిగితే, "తొందరపడి మూత తిప్పినానమ్మా. తప్పు నాదే," అన్నాడు మా నాయన. జేజి తెచ్చిన నీళ్ళను కొడుకు నోట్లో కొద్దికొద్దిగా పోసింది.

కర్రిదాన్ని అమ్మేశాం. అమ్మ పత్తిమిల్లులో పనికి కుదిరింది. ఖాదర్ మామ బాడుగ మీద ప్రొద్దుటూరు వచ్చినప్పుడల్లా మా అరుగు మీద కూర్చునేవాడు, ఇద్దరూ పాత పందేలు ఒక్కొక్కటే తవ్వుకునేవాళ్ళు, ఎవరి కారు ఎక్కడ మొరాయించింది, ఎవడు గేరు వేయలేక పత్తిచేలోకి దూరాడు అని పగలబడి నవ్వేవాళ్ళు. ఆఖరి పందెం దగ్గరికి వచ్చేసరికి మాట బీడీల మీదికి మళ్ళేది. కన్ను పోయేంత కాటుక పెట్టుకుంటారా అనే సామెత ఊళ్ళో అందరి నోటా ఆడేది, మా ఇంట్లో మాత్రం ఎవరూ అనేవాళ్ళు కాదు.

మరుసటి ఏడు వానలకు జేజి బంతి నారు పోయలేదు. అడిగితే, "విత్తనాలు తడిసి చెడినాయి లేయే," అంది. ఆ తర్వాత ఏడు కూడా అదే మాట. బండ పక్కన వంగచెట్లు వేసింది. కొడుకు చెయ్యి పట్టుకుని పొద్దున్నే హోటలు దాకా నడిపించుకుని పోయి టీ తాగించడం తన పనిగా పెట్టుకుంది, ఆ పని కోడలికి గానీ నాకు గానీ ఇచ్చేది కాదు.

జేజి పోయిన రోజు ఎవరో పెద్ద దండ తెచ్చి ఆమె మీద వేశారు. శవం తల దగ్గర కూర్చున్న నాయన ఉన్నట్టుండి తల ఎత్తి గాలి పీల్చాడు.

"అవి బంతిపూలేనా? తీసేయండప్పా," అన్నాడు. "అమ్మకు గిట్టవు."

అప్పుడు తెలిసింది నాకు. దండ వల్లే అట్లా జరిగిందని ఆమెకు తెలుసు, ఆమెకు తెలుసునని ఆయనకూ తెలుసు. అన్నేళ్ళూ ఒకే అరుగు మీద ఒకరికొకరు దాచుకుంటూ బతికారు. ఆ రోజు జేజి కోసం ఎంత ఏడ్చానో నాయన కోసం అంత ఏడ్చాను.

ఇప్పుడు నాయనా లేడు, ఖాదర్ మామా లేడు. మోరీని వెడల్పు రోడ్డు మింగేసింది, చింతమాను కొట్టేశారు, చేతులు నొప్పెట్టేలా హ్యాండిలు తిప్పే కార్లు ఎప్పుడో పాత ఇనుములో కలిశాయి. మొన్న దసరాకు మా మనవడు కొత్త కారుకు ముందు నిండా దండ కట్టించుకుని వచ్చి నన్ను ఎక్కమన్నాడు. నేను వంగి దండ ముడి విప్పుతుంటే నవ్వాడు.

"ఈ కాలం కార్లకు ఏం గాదు జేజీ. పొద్దు గుంకేదాకా తీయగూడదంట గదా?"

"తీయొచ్చులే నాయనా," అన్నాను. "కట్టినోళ్ళు ఏమీ అనుకోరు."