పలికే కణాలు

తొంభైల నాటి మాట. రాయపూర్ స్టేషన్ వెయిటింగ్ రూమ్‌లో మా అమ్మాయికి ఇన్సులిన్ సూది వేస్తుంటే, పక్కన కూర్చున్నావిడ "ఎన్నేళ్లండీ పాపకి?" అంది. ఆ హిందీ ఊళ్లో కొత్తవాళ్ల నోట తెలుగు వింటే సగం చుట్టరికం కలిసిపోతుంది.

ఆవిడ అక్కడి రైల్వేవాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో పెరిగిందట. ఇప్పుడు ఎక్కడో పరిశోధనశాలలో ఉద్యోగం. చనిపోయినవాళ్లు దానమిచ్చిన క్లోమంలోంచి ఇన్సులిన్ తయారుచేసే కణాలు తీసి, షుగర్ ఉన్నవాళ్లకి పెట్టడానికి పనికొస్తాయో లేదో చూస్తారట.

"అంటే బతికున్నాయో లేదో చూస్తారా?"

"బతికుంటే చాలదండీ, పలకాలి. శక్కర్ నీళ్లు పోస్తే ఇన్సులిన్ వదలాలి, తీసేస్తే ఆపాలి. చూడ్డానికి ఎంత బాగున్నా, పలకనివి పక్కన పెట్టేస్తాం."

"మా పిల్లకి ఎప్పుడు పెడతారు?"

ఆవిడ పాప చొక్కా చేతిని మెల్లగా కిందికి లాగి సరిచేసింది. "ఇంకా చాలా దూరం ఉందండీ. మీకు అబద్ధం చెప్పలేను."

నాకు కోపమొచ్చింది. ఆవిడ పేరు కూడా అడగలేదు.

ఇన్నేళ్లయినా, షుగర్ బాగా పడిపోతే అమ్మాయి కళ్లు తెరిచే ఉంటుంది గానీ మాట రాదు. అందుకే పొద్దున లేపేటప్పుడు ఊపిరి చూసి ఊరుకోను. పేరు పెట్టి పిలిచి, పలికేదాకా అక్కడే నిలబడతాను.